నారింజ రంగు తోక

మూడో అంతస్తు, కిటికీ లేని గది
జూన్ 10

పెద్దమ్మా,

ఉద్యోగం వచ్చి నాలుగు నెలలైంది, అమ్మ చెప్పే ఉంటుంది. "ఎక్కడా ఆర్నెల్లు నిలవని గిలక్కాయకి ఉద్యోగమా!" అని నువ్వు కళ్ళద్దాల మీంచి చూడటం నాకు ఇక్కడికే కనబడుతోంది. నిలుస్తాను. కూర్చోమని ఇచ్చిన కుర్చీకి చక్రాలున్నాయి, అది వేరే సంగతి.

చెవి మిషన్లు చేసే కంపెనీ ఇది. సరిగా వినబడనివాళ్ళు చెవి వెనక తగిలించుకుంటారే, చిక్కుడు గింజంత ఉంటుంది, అదే. పెట్టెలో దాంతో పాటు పెట్టే వాడకం పుస్తకం రాయడం నా పని. డిగ్రీలో సాహిత్యం చదివినందుకు ఎట్టకేలకు మొన్న ఏప్రిల్లో నా పుస్తకం అచ్చయింది. అట్ట మీద నా పేరు మాత్రం ఉండదు.

పని ఎలా జరుగుతుందో విను. ఇంజినీరు ఒక కాగితం ఇస్తాడు. మిషను ఏమేం చేయగలదో అందులో ఉంటుంది, మనిషి ఏం చేయాలో ఉండదు. నేను దాన్ని వాక్యాలుగా రాస్తాను. మేనేజరు వాటిని ఇంకా పెద్ద వాక్యాలు చేస్తాడు, "చిన్నగా ఉంటే చవకగా కనబడుతుందమ్మా" అంటాడు. ఆ తర్వాత లా ఆఫీసరు వచ్చి ముందర హెచ్చరికలు పేరుస్తాడు. ప్రస్తుతానికి నలభై ఒకటి. "ఈ పరికరమును మింగరాదు" అనేది మొదటిది. "ధరించి సముద్రగర్భములోనికి దిగరాదు" అనేది ఏడోది. మిషను ఎలా పెట్టుకోవాలో ముప్ఫై ఒకటో పేజీలో వస్తుంది, అప్పటికి చదివేవాడికి ఓపికుంటే.

ఇంతకీ మిషను చూశావా అంటావు. చూశాను. మేనేజరు గదిలో అద్దాల బీరువాలో ఉంది, తాళం ఆయన జేబులో ఉంది. "రాసేవాళ్ళకి వస్తువుతో పనేముంది?" అన్నాడు.

అన్నిటికంటే ముద్దొచ్చేది పుస్తకం చివరి అట్ట. "సందేహములున్నచో ఫోన్ చేయగలరు" అని ఒక నంబరు, అంతే. వినబడనివాళ్ళకి ఫోన్ నంబరు! చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే విన్నాను గానీ, శంఖం తీసుకెళ్ళి వాడి చేతిలోనే పెట్టడం ఇక్కడే చూశాను. ఈ ఏడాది ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని మేనేజరు గోడకి చార్టు తగిలించాడు. దాని మధ్యలో పెద్ద సున్నా, చుట్టూ రంగు పెన్నులతో వేసిన తీగలు.

అన్నట్టు నువ్వెందుకు ఫోనెత్తడం లేదు? అమ్మ చేసినా అంతేనట. ఉత్తరాలే రాయమని కబురంపావట. ఈ కాలంలో ఇదేం సరదా?

నీ
గిలక్కాయ


బస్టాండు, విచారణ కిటికీ
జూన్ 19, రెండు బస్సుల మధ్య

గిలక్కాయకి,

ఉత్తరం అందింది. రెండు చోట్ల నవ్వాను. ఎక్కడెక్కడో చెప్తే నెత్తికెక్కుతావు.

ఫోన్ సంగతి. కిటికీ దగ్గర ఫోన్ వాడకూడదని కొత్త సూపర్నెంటు ఆర్డరు. ఇంట్లో సిగ్నలుండదు. పైగా నువ్వు మాట్లాడటం మొదలెడితే అవతలివాళ్ళకి ఊపిరి పీల్చుకునే సందు దొరకదు. ఉత్తరంలో కనీసం పేరాలుంటాయి.

ఇరవై ఆరేళ్ళుగా ఈ కిటికీలో కూర్చున్నదాన్ని, పనికొచ్చే మాటొకటి చెప్తాను. "బస్సెప్పుడండీ?" అని అడిగేవాడి ఒక చేతిలో సంచీ ఉంటుంది, రెండో చేతిలో పిల్ల ఉంటుంది. వెనక బస్సు కదిలిపోతోందేమోనన్న భయం ఉంటుంది. వాడికి "మూడో గేటు, పది నిమిషాలు" అని చెప్పాలి. బస్సుకెన్ని చక్రాలో చెప్పకూడదు. వాడు థాంక్సు కూడా చెప్పకుండా పరిగెత్తాడంటే మనం సరిగ్గా చెప్పామన్నమాట.

ఇప్పుడు నీతో ఒక పని. పక్క కిటికీలో కూర్చునే ఆవిడ మీ కంపెనీ మిషనే కొన్నది, జత. డిపో డాక్టరు దగ్గరుండి తగిలించి పంపిన రోజు బాగానే వినబడిందట. పన్నెండు రోజులకి బ్యాటరీలు అయిపోయాయి. కొత్తవి తనే వేసుకుంది. అంతే, మిషన్లు రెండూ మూగబోయాయి.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చుగా అంటావు. సెప్టెంబరు అయిదున మా అందరికీ వినికిడి పరీక్ష పెట్టేది ఆ డాక్టరే. నాకు మిషనుతో కూడా వినబడటం లేదని ముందే వెళ్ళి చెప్పుకోవడం దేనికని ఆవిడ బాధ. ఇన్నేళ్ళూ అవతలివాళ్ళ పెదాలు చూసి నెట్టుకొచ్చింది పాపం. మొన్న వేసవిలో ఎండ తగలకుండా కిటికీలకి నల్లద్దాలు బిగించారు. పెదాలు పోయాయి. పరీక్షలో తప్పితే గోదాములో వేస్తారు, జనం బస్సుల్లో మరిచిపోయిన సామాన్లు కాపలా కాయడానికి. అక్కడ మాట్లాడటానికి గొడుగులు తప్ప ఎవరూ ఉండరు.

పుస్తకం ఆవిడ దగ్గరే ఉంది. ఏ పేజీ చూడాలో రాయి.

మీ పెద్దమ్మ


మూడో అంతస్తు
జూలై 2

పెద్దమ్మా,

ముందు నా గొప్ప. మా పుస్తకానికి హెడ్డాఫీసు బహుమతి వచ్చింది. ఫిర్యాదులు లేని పుస్తకం మాదొక్కటేనట. గాజు పక్షి బొమ్మ ఇచ్చారు. దాన్ని ఎలా నిలబెట్టాలో ఎవరికీ తెలియడం లేదు, ప్రస్తుతం పడుకునే ఉంది. మేనేజరు నన్ను అందరి ముందూ "మన కలం" అన్నాడు. నేను కూడా కాస్త తల ఎగరేశాననుకో.

మీ పక్క కిటికీ ఆవిడని ముప్ఫై ఒకటో పేజీ చూడమను. వాక్యం నాదే: "వినియోగదారుడు బ్యాటరీ కక్ష్య ద్వారమును తెరచి, నూతన బ్యాటరీని ప్రవేశపెట్టిన పిమ్మట, ద్వారమును మూసినచో మూడు బీప్ శబ్దములు వినవచ్చును." వినబడకపోతే నలభై ఏడో పేజీ. అంతా ఉంది అందులో.

చెప్తే ఏమనుకుంటావో గానీ, ఆవిడ అసలు పుస్తకం తెరిచి ఉండదు. జనం చదవరు పెద్దమ్మా. పెట్టె విప్పడం, నొక్కి చూడటం, పనిచేయలేదని కంపెనీ మీద పడటం. మా ఇంజినీరు అదే అంటాడు, "తప్పు మిషనులో ఉండదు, వేలులో ఉంటుంది" అని.

నీ
గిలక్కాయ (మన కలం)


విచారణ కిటికీ
జూలై 14

కలంగారికి,

ఆవిడ చదవలేదన్నావు. నాలుగుసార్లు చదివింది. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివింది.

మూడు బీప్‌లు వినబడితే మిషను పనిచేస్తున్నట్టని రాశావు. వినబడకే కదే మిషను కొన్నది? ఎర్ర చుక్క ఉన్నది కుడి చెవికి, నీలం చుక్క ఉన్నది ఎడమ చెవికి అని రాసి పక్కన బొమ్మ వేశారు. మీ పుస్తకం నలుపు తెలుపు. చుక్కలు రెండూ బూడిద రంగే. వాక్యం మొదట్లో బయలుదేరిన మనిషి చివరికి చేరేసరికి ఎందుకు బయలుదేరాడో మరిచిపోతాడు. నా కిటికీలో అలా జవాబు చెప్తే అద్దం పగలగొడతారు.

అవన్నీ ఆవిడ ఓర్చుకుంది. నలభై ఏడో పేజీకి కూడా వెళ్ళింది. అక్కడ నువ్వు రాసింది ఇది: "నూతన బ్యాటరీ అమర్చిన పిదప కూడ శబ్దము వినబడనిచో, వినియోగదారుని వినికిడి శక్తి పూర్తిగా క్షీణించినదని గ్రహించవలెను."

ఆవిడ గ్రహించింది.

రోజూ ఆ మిషన్లు తగిలించుకునే డ్యూటీకి వస్తోంది, తీసేస్తే నలుగురూ అడుగుతారని. జనం అద్దం దాకా వచ్చి కాగితం మీద రాసి చూపించేదాకా ఏమీ తెలియదు. పరీక్షలో అందరి ముందూ తల దించుకోవడం కంటే, ఈ నెలాఖరుకి తనే గోదాముకి అర్జీ పెట్టుకోవడం మర్యాద అనుకుంటోంది.

ఇంకో చిన్న సంగతి, పనికొస్తుందో లేదో. కొత్త బ్యాటరీలకి నారింజ రంగు కాగితం తోక ఉంటుంది. అది ఉంటే మూత పడదు. పందొమ్మిదో హెచ్చరికలో "బ్యాటరీ నుండి ఏ భాగమునూ తొలగించరాదు" అని ఉంది. అందుకని బిళ్ళ మీదున్న కాగితం జోలికి పోకుండా, అడ్డమొచ్చిన తోక మటుకు కత్తెరతో కత్తిరించి మూత వేసింది. గోరు కత్తిరిస్తే వేలు తీసేసినట్టు కాదుగా అంటుంది.

పెద్దమ్మ


మూడో అంతస్తు
జూలై 22

పెద్దమ్మా,

అర్జీ పెట్టకు. ముందు ఈ కింద ఉన్నది చెయ్యి, మిగతాది తర్వాత చదువు.

మిషను మూత తీసి లోపలున్న బ్యాటరీ పారేయి. కొత్త బ్యాటరీ తీసుకో. తోక పట్టుకుని లాగు, కాగితం మొత్తం ఊడి రావాలి. కింద సూది మొనంత చిల్లులు కనబడతాయి. వాటిలోంచి గాలి పోతేనే బ్యాటరీకి ప్రాణం వస్తుంది. ఒక నిమిషం అలాగే బల్ల మీద పెట్టు, నిమిషమంటే నిమిషం. కూడిక గుర్తున్న వైపు పైకి ఉండేలా లోపల పెట్టి మూత వెయ్యి. మిషన్ని గుప్పిట్లో మూసిపట్టుకో. పనిచేస్తుంటే అది కీచుమంటుంది. నీకు వినబడకపోతే పక్కనున్నవాళ్ళని వినమను. చెవికి పెట్టుకో. రెండోదానికీ ఇంతే.

చేశావా? ఇప్పుడు జరిగింది చెప్తాను.

నీ ఉత్తరం పట్టుకుని ఇంజినీరు దగ్గరికి వెళ్ళాను. "బ్యాటరీకి తోకేంటి, ఎలుకా?" అన్నాడు. పదేళ్ళుగా చెవి మిషన్లు చేస్తున్న మనిషి. మేనేజరుకీ తెలియదు. లా ఆఫీసరుని పందొమ్మిదో హెచ్చరిక ఎందుకు రాశారని అడిగితే, "ఎందుకైనా మంచిదని" అన్నాడు. చివరికి ల్యాబ్ అటెండరు దగ్గరికి వెళ్ళాను. రిటైరవడానికి రెండేళ్ళున్న పెద్దాయన. రోజూ పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, ఆ రోజుకి కావలసిన బ్యాటరీలన్నిటికీ కాగితాలు పీకి, పళ్ళెంలో పేర్చి ఇంజినీర్ల బల్లల మీద పెడతాడు. "పాపం వాళ్ళకి గోళ్ళు ఉండవమ్మా, కొరుక్కుంటారు" అన్నాడు. పీకిన కాగితాలు ఏం చేస్తారని అడిగాను. స్టోర్‌రూమ్ తలుపు మూసి లోపలి వైపు చూపించాడు. తలుపంతా నారింజ రంగు, పెద్దమ్మా. పైనుంచి కింద దాకా తోకలే, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి. "పారేయబుద్ధి కాలేదు" అన్నాడు. ఇంజినీరు రోజూ ఆ తలుపు తోసుకునే వెళ్తాడు. ఎవరో రంగు వేశారనుకున్నాడట.

ఇంతమందిమి కలిసి పుస్తకం రాశాం. తోక చూసినవాడిని మాత్రం ఎవరమూ అడగలేదు.

ఇంకొకటి. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడల్లా నీ పక్కన స్టూలు మీద కూర్చుని "మూడో గేటండీ" అని అరిచేదాన్ని. ఆ బస్టాండుకి విచారణ కిటికీ ఒక్కటే పెద్దమ్మా. పక్కనున్నది గోడ.

నలభై ఏడో పేజీ నేనే రాశాను. మేనేజరు దిద్దలేదు, లా ఆఫీసరు చేర్చలేదు. ఆ రోజు ఇంటికి త్వరగా వెళ్ళాలని రాసేశాను.

గిలక్కాయ


విచారణ కిటికీ
జూలై 29

గిలక్కాయా,

తోక పట్టుకుని లాగాను. నిమిషం ఆగాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అంత పొడుగు నిమిషం చూడలేదు.

మొదట వినబడింది నా ఫ్యాను. అది అలా మూలుగుతోందని ఎవరూ చెప్పలేదేం? తర్వాత నా చెప్పులు. తర్వాత అద్దం అవతల ఒకాయన, ఇంకొకాయనతో, "ఈ ముసలమ్మకి చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే" అన్నాడు. "గోడకి వినబడుతోంది, అడగండి" అన్నాను. ఆయన ఏ ఊరెళ్ళాలో మరిచిపోయాడు.

పక్క కిటికీ ఆవిడ గురించి ఇక మాట్లాడొద్దు. ఆవిడ బదిలీ అయిపోయింది.

నీకు చెప్పకుండా దాచానని కోపం వచ్చుంటుంది. నాకూ వచ్చింది కోపం, రెండు నెలలు. నీ మీద కాదు. మా గిలక్కాయ రాసిన పుస్తకం, చదువుకున్న పిల్ల, అర్థం కాకపోతే లోపం నాలోనే ఉంటుందనుకున్నాను. నువ్వు రాశావనే ఆ కంపెనీ మిషన్లు కొన్నాను. నువ్వు రాశావనే నలభై ఏడో పేజీని నమ్మాను.

నాకంటే నువ్వున్నావు, విడమరిచి ఉత్తరం రాశావు. ఆ పుస్తకం చదివి, "గ్రహించి", మిషను సొరుగులో పెట్టేసి, ఇంట్లోవాళ్ళు నవ్వితే తనూ నవ్వుతూ కూర్చున్నవాళ్ళు ఎంతమందో లెక్కేశావా? వాళ్ళు మీకు ఫోనెలా చేస్తారే?

పరీక్ష ఇంకా ఉంది. మధ్యాహ్నం రద్దీలో ఇప్పటికీ కొన్ని మాటలు జారిపోతున్నాయి. నేర్చుకుంటున్నాను. నీ పని నువ్వు చూసుకో.

పెద్దమ్మ


గ్రౌండు ఫ్లోరు, కొత్త గది
ఆగస్టు 30

పెద్దమ్మా,

గది మారింది. ఎందుకో చెప్తాను, కంగారు పడకు.

పుస్తకం దిద్దుదామని మీటింగు పెట్టించాను. మేనేజరు చార్టు చూపించి, "ఫిర్యాదే లేనప్పుడు దిద్దడం దేనికి?" అన్నాడు. లా ఆఫీసరు, "దిద్దితే ఇన్నాళ్ళూ తప్పుందని ఒప్పుకున్నట్టు" అన్నాడు. కావాలంటే నలభై రెండో హెచ్చరికగా వేద్దామన్నాడు, అక్కడే రాసి చూపించాడు: "పందొమ్మిదవ హెచ్చరిక దృష్ట్యా తొలగించరాని భాగములలో, తొలగించవలసిన భాగములు చేరవని భావించవలెను." అందరూ తలలూపారు. ఇంజినీరు మాత్రం మధ్యలో లేచి వెళ్ళాడు. తర్వాత చూస్తే స్టోర్‌రూమ్‌లో తలుపు మూసుకుని లోపలి వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు.

బ్యాటరీ ప్యాకెట్లు అట్టపెట్టెల్లో సర్దేది కూడా ఆ అటెండరుగారేనట. నీకు రాసిన ఉత్తరంలోంచి ఏడు లైన్లు తీసి, పెద్ద అక్షరాలతో ఒక చీటీ చేశాను. కింద ఫోన్ నంబరు లేదు. "అర్థం కాకపోతే తప్పు మాది. ఉత్తరం రాయండి" అని అడ్రసు పెట్టాను. ప్యాకెట్టుకొక చీటీ చొప్పున ఆయన పెట్టాడు. చదివి, "ఇది నేనెప్పుడో చెప్పేవాణ్ణి, ఎవరన్నా అడిగితే" అన్నాడు.

మూడు వారాల్లో ఉత్తరాలు సంచులతో వచ్చాయి. ఒక గడియారాల రిపేరు ఆయన రెండేళ్ళుగా చచ్చిన మిషను పెట్టుకుని తిరిగాడట, భార్య సంతోషం కోసం. ఒక టీచరు తోక ఊడదీసి, తన క్లాసు ఇంత అల్లరి చేస్తుందని ఇప్పుడే తెలిసిందని రాసింది, మిషను వాపసు తీసుకుంటారా అని కూడా అడిగింది.

మేనేజరు చార్టు దించేశాడు. "నువ్వు రాకముందు మన వినియోగదారులు ఎంతో సంతోషంగా ఉండేవాళ్ళు" అన్నాడు, నిజంగా బాధపడుతూ. నాకు మెమో ఇచ్చారు. శిక్ష ఏమిటంటే, వచ్చిన ప్రతి ఉత్తరానికీ నేనే జవాబు రాయాలి. నలభై ఏడో పేజీ కొట్టేస్తేనే కూర్చుంటానన్నాను. సంచులు చూసి ఒప్పుకున్నారు.

ఈ గదికి కిటికీ ఉంది. పొద్దున్నించీ సాయంత్రం దాకా "మూడో గేటు, పది నిమిషాలు" చెప్తున్నాను. ఎవరూ థాంక్సు చెప్పడం లేదు.

అయిదో తారీకు గుర్తుంది. పెట్టెలో రెండు కొత్త ప్యాకెట్లు పంపుతున్నాను. పరీక్ష రోజు పొద్దున కొత్తవి వేసుకో. తోక సంగతి చెప్పక్కర్లేదుగా?

నీ
గిలక్కాయ


విచారణ కిటికీ
సెప్టెంబరు 6

గిలక్కాయా,

డాక్టరు నా వెనక నిలబడి గుసగుసగా పది మాటలు చెప్పాడు. తొమ్మిది తిరిగి చెప్పాను, ఒకటి తప్పాను. ఆ తర్వాత ఆయన సూపర్నెంటు వైపు తిరిగి, ఇంకా మెల్లగా, "గోదాముకి వేరేవాళ్ళని చూసుకోండి" అన్నాడు. అడక్కుండానే అది కూడా తిరిగి చెప్పేశాను. డాక్టరు నవ్వాడు. సూపర్నెంటు నవ్వలేదు.

కిటికీ నాదే. నల్లద్దం మార్చమని అర్జీ పెట్టాను. రెండు లైన్లే రాశాను, సూపర్నెంటు మిగతా పేజీలేవని వెతుకుతున్నాడు.

ఇప్పుడు నీ కోసం ఒక వాడకం పుస్తకం రాశాను. హెచ్చరికలు లేవు.

ఆదివారం పదకొండింటికి నాకు ఫోన్ చెయ్యి. ఇంట్లో సిగ్నలు ఎప్పుడూ ఉంది. మోగితే నాకు వినబడుతుంది, ఎత్తుతాను. నువ్వు మాట్లాడు. మధ్యలో నేను పలకడం మానేస్తే చెవిలో మూడు బీప్‌లు మోగాయని అర్థం, నీ ముప్ఫై ఒకటో పేజీలోవి కాదు, ఇవి బ్యాటరీ అయిపోయినప్పటివి. పెట్టెయ్యకు. తోక ఊడదీసి, నిమిషం ఆగి, వస్తాను. అంతదాకా నువ్వు మాట్లాడుతూనే ఉండు. ఎలాగూ ఆపవు.

పెద్దమ్మ